ఆవరణ సంగీతంలో అనురణనం: 'డ్రీమ్' - ఒక పరిశీలన

సంగీతం మీద తెలుగులో వచ్చే విమర్శలో ఎక్కువ భాగం నిజానికి మాటల మీద విమర్శ. కృతిని గురించి రాస్తే అందులోని భక్తిభావం, పదాన్ని గురించి రాస్తే నాయికాభేదం, సినిమా పాటను గురించి రాస్తే చరణంలోని ఉపమానం - ఇవే మన వ్యాసాలకు సామగ్రి. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. తెలుగు శాఖల్లో చదువుకున్నవాళ్ళం, మనకు చేతనైన పని మనం చేస్తున్నాం. కాని మాట లేని సంగీతం ఎదురైనప్పుడు మన కలం ఆగిపోతున్నది. "హాయిగా ఉంది", "మనసును ఎక్కడికో తీసుకువెళ్ళింది" అనే రెండు వాక్యాలతో సరిపెట్టుకుంటున్నాం.

ఈ లోటు నాకు స్పష్టంగా తెలిసివచ్చింది మాధవరంలో, ఒక ఆదివారం సాయంత్రం. మా ఇల్లు మిల్క్ కాలనీకి దగ్గర. నెలకొకసారి ఐదారుగురు విద్యార్థులు వస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బయట తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటూ, విశ్వవిద్యాలయంలో తెలుగును పాఠ్యాంశంగా తీసుకున్నవాళ్ళు. మామూలుగా ఒక కథో, ఒక ఖండకావ్యమో చదువుకుంటాం. ఆ రోజు మాత్రం 'డ్రీమ్' అనే ఆల్బమ్ వినిపించాను. 1995లో వచ్చిన ఈ ఆల్బమ్ మన మాండొలిన్ శ్రీనివాస్, కెనడాకు చెందిన గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్ కలిసి చేసినది. రెండు మూడు నిమిషాలు గడిచాక ఒక విద్యార్థి మెల్లగా అడిగాడు: "సార్, పాట ఎప్పుడు మొదలవుతుందండీ?" పక్కనున్న అమ్మాయి అందుకుంది: "సినిమాలో అయితే ఈపాటికి ఎవరో ఒకరు తలుపు తీసుకుని రావాలి సార్." అందరం నవ్వుకున్నాం.

తరువాత ఆలోచిస్తే ఆ రెండు మాటలూ మంచి విమర్శ ప్రశ్నలే అనిపించింది. మొదటిది రూపాన్ని గురించినది: మొదలు, నడక, ముగింపు తెలియని రచనను ఎలా పట్టుకోవాలి? రెండవది ప్రయోజనాన్ని గురించినది: దేనికో నేపథ్యంగా ఉండవలసిన ధ్వని తనంతట తాను ముందుకు వస్తే దానిని దేనితో కొలవాలి? ఈ వ్యాసంలో ఆ రెండు ప్రశ్నలనూ తీసుకుని, 'డ్రీమ్'ను ఉదాహరణగా పెట్టుకుని, జవాబుకు పనికివచ్చే ఒక మాట మన అలంకారశాస్త్రంలోనే ఉన్నదని చూపే ప్రయత్నం చేస్తాను. ఆ మాట 'అనురణనం'.

ఆవరణ సంగీతం అంటే

ఇంగ్లీషులో యాంబియెంట్ మ్యూజిక్ అంటారు. సౌలభ్యం కోసం ఇక్కడ 'ఆవరణ సంగీతం' అందాం. మనం ఉన్న చోటును ఆవరించి ఉండే సంగీతం అని దీని అర్థం. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సతీ 1917లోనే గదిలోని కుర్చీ, బల్లల వలె ఉండే సంగీతం కావాలని కొన్ని రచనలు చేశాడు. అయితే ఈ ధోరణికి పేరు, ఒక సిద్ధాంతం ఇచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన బ్రయాన్ ఈనో. 1975లో ప్రమాదం జరిగి అతడు మంచం మీద ఉన్నప్పుడు, చూడవచ్చిన స్నేహితురాలు ఒక హార్ప్ సంగీతం రికార్డు తెచ్చిపెట్టింది. ఆమె వెళ్ళిపోయాక చూస్తే శబ్దం బాగా తక్కువగా పెట్టి ఉంది. లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వర్షం చప్పుడులో సగం కలిసిపోయి, సగం వినిపిస్తూ ఉన్న ఆ సంగీతం అతనికి కొత్తగా తోచింది. సంగీతం చుట్టూ ఉన్న వెలుతురులో, చప్పుడులో ఒక భాగం కావచ్చునన్న ఊహ అక్కడ పుట్టిందని ఈనో స్వయంగా చెప్పుకున్నాడు. ఆ ఏడాదే 'డిస్క్రీట్ మ్యూజిక్', 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వచ్చాయి. వినకపోయినా ఫరవాలేదు, చెవి పెట్టి విన్నా విసుగు పుట్టకూడదు - స్థూలంగా ఇదీ అతని ఆదర్శం.

దీనికి అనువైన పనిముట్టు సింథసైజర్. విద్యుత్ కంపనాన్ని పుట్టించే భాగం ఒకటి, అందులోని పై ధ్వనులను వడపోసే భాగం ఒకటి, శబ్దం ఎంత సేపటికి పుట్టాలి, ఎంత తగ్గాలి, ఎంత సేపు నిలవాలి, ఎలా ముగియాలి అని నిర్ణయించే భాగం ఒకటి - ఇవి దాని ముఖ్యాంగాలు. చివరి భాగాన్ని గమనించండి. వీణ తీగను మీటితే నాదం ఎంత సేపు బతుకుతుందో ఆ తీగ, ఆ కుండ, ఆ మీటు నిర్ణయిస్తాయి. సింథసైజర్‌లో ఆ ఆయుర్దాయాన్ని మనమే రాసిపెట్టవచ్చు. నాదం చనిపోవడం ఇక ప్రకృతి ధర్మం కాదు, రచయిత నిర్ణయం. ఆవరణ సంగీతపు రహస్యం చాలా వరకు ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

ఈ సంగీతం మొదటి నుంచీ ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనిగానే ఎదిగింది. ఈనో 1973లో గిటారు వాద్యకారుడు రాబర్ట్ ఫ్రిప్‌తో, 1977లో జర్మనీకి చెందిన క్లస్టర్ జంటతో, 1980లో పియానో మీద హెరాల్డ్ బడ్‌తో కలిసి ఆల్బములు చేశాడు. అదే 1980లో ట్రంపెట్ వాద్యకారుడు జాన్ హాసెల్‌తో చేసిన 'ఫోర్త్ వరల్డ్' మనకు మరింత దగ్గరిది. హాసెల్ కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ దగ్గర నేర్చుకున్నవాడు. స్వరం నుంచి స్వరానికి జారే ఆ గాత్ర పద్ధతిని ట్రంపెట్ మీదికి తెచ్చి, ఆ ధ్వనిని విద్యుత్ పరికరాలతో మార్చాడు.

ఒక చిన్న లెక్క

మొదలు, ముగింపు అన్న ప్రశ్నకు ఒక లెక్క సాయపడుతుంది. 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' నిర్మాణాన్ని వివరిస్తూ 1996లో ఒక ఉపన్యాసంలో ఈనో మూడు టేపు చుట్టల సంగతి చెప్పాడు. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క స్వరం ఉంటుంది. మొదటి చుట్ట 23½ సెకన్లకు, రెండవది 25⅞ సెకన్లకు, మూడవది 29 15/16 సెకన్లకు ఒకసారి తిరిగివస్తాయి. జర్మనీలోని స్టూడియోలో ఆ పొడవైన టేపులను కుర్చీ కాళ్ళ చుట్టూ తిప్పారట. మూడు చుట్టలూ ఒక్కసారే బయలుదేరితే మళ్ళీ ఎప్పుడు ఒకేచోట కలుస్తాయి? కనిష్ఠ సామాన్య గుణిజం కట్టి చూశాను. దాదాపు 27 రోజులు పడుతుంది. చంద్రుడు మన 27 నక్షత్రాలనూ ఒకసారి చుట్టి రావడానికి పట్టే కాలం అంత.

ఇప్పుడు చెన్నైలో డిసెంబరు కచేరీ ఒకటి గుర్తు చేసుకోండి. తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు కోర్వ కడతాడు. ఐదులు, ఏడులు, విరామాలు అన్నీ లెక్క చూసుకుని, పల్లవి ఎత్తుకునే చోటికి సూటిగా వచ్చి పడతాడు. సభ అంతా తల ఊపుతుంది. మన సంగీతంలో విడిపోవడం కలవడం కోసమే. ఆ కలయికే రసానుభవానికి తలుపు. ఈనో లెక్క దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ కలవకపోవడమే నియమం. స్వరాలు ఎప్పుడూ కొత్త దూరాల్లో ఎదురవుతుంటాయి, ఎక్కడా పరిష్కారం రాదు.

"పాట ఎప్పుడు మొదలవుతుంది" అన్న విద్యార్థి చెవి కోర్వకు అలవాటు పడిన చెవి. అతడు కలయిక కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపును తప్పు అనలేం. కాని ఈ సంగీతాన్ని కొలవడానికి మరొక కొలత అవసరం.

మన దగ్గర సింథసైజర్

విద్యుత్ సంగీతం మనకు ఆలస్యంగా వచ్చిందనుకోవడం పొరపాటు. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పడింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ సింథసైజర్‌ను నెలకొల్పాడు. ఈ యత్నం వెనుక ఉన్న గీతా సారాభాయ్ 1946లో న్యూయార్కులో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పి, బదులుగా పాశ్చాత్య స్వర రచన నేర్చుకున్న విదుషీమణి. ఆమెతో పాటు ఐ.ఎస్.మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి.శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఆ పరికరం మీద పనిచేశారు. కొద్ది ఏళ్ళకే స్టూడియో మూగబోయింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటన్‌కు చెందిన సంగీతకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీయగా, 2023లో 'ది ఎన్.ఐ.డి. టేప్స్' పేరుతో విడుదలయ్యాయి. అర్ధశతాబ్ది పాటు ఎవరూ వినని సంగీతం అది. ఆ సంగీతం గురించి రాసినవాళ్ళూ, మాట్లాడినవాళ్ళూ లేకపోవడం కూడా ఆ మరుగుకు ఒక కారణమని నేను అనుకుంటాను.

చెన్నైలో మాత్రం సింథసైజర్ సినిమా రికార్డింగ్ థియేటర్ల దారిన వచ్చింది. తెలుగువాళ్ళకు దానిని బాగా పరిచయం చేసినవాళ్ళలో రాజ్-కోటి జంట ఒకటి. రాజ్ సంగీత దర్శకుడు టి.వి.రాజు కుమారుడు, 2023లో మరణించారు. కోటి సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన ఎ.ఆర్.రెహమాన్ కుర్రతనంలో వీరి దగ్గర కీబోర్డు వాయించాడు. ఆ కాలపు సినిమా పాటల్లో సింథసైజర్‌కు అప్పగించిన పని ముఖ్యంగా నింపడం. పదిమంది వయొలిన్లు చేసే పని ఒక్క మీట చేస్తుంది, మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేకుండా చూస్తుంది. మా విద్యార్థిని "ఎవరో ఒకరు తలుపు తీసుకుని రావాలి" అన్నది ఈ అనుభవంతోనే. ఆమె చెవిలో సాగే విద్యుత్ ధ్వనికి స్వతంత్ర జీవితం లేదు. అది రాబోయే సన్నివేశానికి పరచిన చాప.

ఇక్కడ ఒక వింత చెప్పుకోవాలి. బెంగుళూరుకు చెందిన జి.రాజనారాయణ్ 1970ల చివర ఎలక్ట్రానిక్ తంబురను తయారు చేశారు. ఇప్పుడు కచేరీల్లో అలాంటి శ్రుతిపెట్టె సర్వసాధారణం. అంటే మన సభల్లో మొదటి నుంచి చివరి వరకు ఒక విద్యుత్ పరికరం మోగుతూనే ఉంటుంది. ఎవరూ దానిని ఎలక్ట్రానిక్ సంగీతం అనరు, ఎవరూ ప్రత్యేకంగా వినరు. అలాగని శ్రుతి ఆవరణ సంగీతం అయిపోదు. శ్రుతిని మనం వినకపోవడానికి కారణం అది కొలబద్ద కావడం. కొలిచేటప్పుడు బట్టను చూస్తాం గాని గజంబద్దను చూడం. ఆవరణ సంగీతాన్ని వినకపోవడానికి కారణం వేరు. అది మనకు వినకుండా ఉండే స్వేచ్ఛ ఇచ్చింది. శ్రుతి తప్పితే గాయకుడు తప్పు చేసినట్టు. ఆవరణ సంగీతంలో తప్పడానికి ఏమీ లేదు. ఆ తేడాను మరిచి రెండూ ఒకటే అనుకున్నవాళ్ళు చేసే సంగీతం, తంబుర మీద కాసేపు వేణువు ఊది ధ్యాన సంగీతం అని అమ్మే సరుకుగా మిగులుతుంది.

రెండు వైపుల నుంచి ఒకే సమస్య

ఇక 'డ్రీమ్' విషయం. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి మాండొలిన్ చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాద్యకారుడు కాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విని వాయించేవాడు. ఈ చిన్న సంగతి చాలా ముఖ్యం. శ్రీనివాస్ వాద్యం మరొక వాద్యాన్ని చూసి నేర్చుకున్నది కాదు, గొంతును విని నేర్చుకున్నది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1981లో చెన్నైలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద వాయించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి యూరప్‌కు పరిచయమయ్యాడు. చెన్నైలోనే స్థిరపడి, 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్ళ వయసులో ఇక్కడే మరణించాడు.

మాండొలిన్‌కు ఒక పుట్టులోపం ఉంది. మీటిన నాదం చటుక్కున ఆరిపోతుంది. పాశ్చాత్యులు అందుకే జంట తీగలను గబగబా మీటుతూ నాదాన్ని నిలుపుతారు. గమకం ప్రాణంగా ఉన్న మన సంగీతానికి ఆ పద్ధతి చాలదు. స్వరాన్ని లాగి, ఊపి, జార్చి చూపడానికి ఒక్క మీటులో నాదం చాలాసేపు బతకాలి. శ్రీనివాస్ జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నాడు. విద్యుత్తు ఆ నాదానికి ఆయుష్షు పోసింది. సంప్రదాయవాదులు కొందరు మొదట సందేహించినా, చివరకు ఆ వాద్యం కర్ణాటక సంగీత వేదికకు చెందినదే అయింది. గమనించండి: అతడు విద్యుత్తును కొత్తదనం కోసం తెచ్చుకోలేదు. గొంతుకు దగ్గర కావడం కోసం తెచ్చుకున్నాడు.

మైకేల్ బ్రూక్ ఇదే సమస్యను మరొక దారిలో ఎదుర్కొన్నవాడు. గిటారు తీగ కంపనాన్ని విద్యుత్ పరికరం ద్వారా మళ్ళీ ఆ తీగకే అందించి, నాదం ఎంత సేపయినా ఆరిపోకుండా నిలిచేట్టు చేశాడు. దానికి 'ఇన్ఫినిట్ గిటార్' అని పేరు పెట్టాడు. ఐర్లండుకు చెందిన యూ-టూ బృందం 1987లో వాడిన తరువాత ఈ పరికరం బాగా ప్రసిద్ధమైంది. బ్రూక్ 1985లో ఈనో, డేనియల్ లన్వాలతో కలిసి 'హైబ్రిడ్' చేశాడు. 1990లో నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో 'మస్త్ మస్త్' చేశాడు. అతడు గిటారు విద్వాంసుడే అయినా, సింథసైజర్ చేసే పనినే తీగ చేత చేయిస్తాడు. నాదపు ఆయుర్దాయాన్ని తానే రాస్తాడు.

ఈ ఇద్దరినీ ఒకచోట చేర్చింది పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ. ప్రపంచ సంగీతం పేరుతో తూర్పునూ పడమరనూ కలిపిన ఆల్బములు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. వాటిలో అనేకం ఒక మర్యాదపూర్వకమైన కరచాలనంతో ముగుస్తాయి. 'డ్రీమ్' వాటి కన్న మెరుగైనది కావడానికి కారణం ఇద్దరికీ ఇష్టమైన సమస్య ఒకటే కావడం. తీగ నాదం చచ్చిపోకుండా ఎలా ఉంచాలి? ఒకడు గమకం కోసం అడిగాడు, ఒకడు నిశ్చలత కోసం అడిగాడు. ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులు ఇందులో పక్కపక్కన నడుస్తాయి.

అనురణనం అనే కొలత

తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనిని విభజిస్తూ, క్రమం తెలిసేట్టు స్ఫురించే వ్యంగ్యాన్ని మ్రోత వెనుక మ్రోతతో పోల్చాడని మన విద్యార్థులందరూ పరీక్షలకు చదువుతారు. గంట కొడతాం. మొదటి దెబ్బ వినిపిస్తుంది. తరువాత సన్నగా సాగే మ్రోత వినిపిస్తుంది. ఆ రెండవది మొదటి దానిలో నుంచే వస్తుంది, కాని మొదటిది కాదు. వాచ్యార్థం దెబ్బ అయితే వ్యంగ్యార్థం అనురణనం. సంగీతం నుంచి సాహిత్యం అరువు తెచ్చుకున్న ఈ పోలికను సంగీతానికే తిరిగి అప్పగించవచ్చునని నా ప్రతిపాదన.

ఇద్దరు కలిసి చేసే ఆవరణ సంగీతానికి ఈ కొలత చక్కగా సరిపోతుంది. అక్కడ తాళంలో కలిశారా అని అడగలేం, కలవకపోవడమే పద్ధతి. రాగం శుద్ధంగా ఉందా అని అడిగితే సగమే అడిగినట్టు. రెండవవాడికి ఆ బాధ్యత లేదు. "హాయిగా ఉందా" అన్న ప్రశ్నకు జవాబు వినేవాడి అలసటను బట్టి మారుతుంది. అడగవలసిన ప్రశ్న ఇది: ఒకరు పలికించిన నాదం రెండవవారి నాదంలో బతుకుతున్నదా? దెబ్బ ఒకరిది, అనురణనం మరొకరిది అయ్యే చోటు ఉన్నదా?

'డ్రీమ్'ను ఈ ప్రశ్నతో వింటే మంచి చోట్లు, బలహీనమైన చోట్లు వాటంతట అవే విడిపోతాయి. మాండొలిన్ ఒక స్వరం మీద ఆగి, దానిని ఊపి, మెల్లగా వదిలిపెట్టే సమయంలో, గిటారు నుంచి సాగే నిలువు నాదం ఆ వదిలిన చోటును అందుకుంటుంది. మాండొలిన్ ఎక్కడ ఆరింది, గిటారు ఎక్కడ మొదలైంది అన్నది చెవి నిర్ణయించలేదు. అక్కడ ఆ నాదం ఇద్దరిదీ. గురువు గొంతును విని నేర్చుకున్న వేళ్ళు కాబట్టి శ్రీనివాస్ వదిలిపెట్టే పద్ధతిలో ఊపిరి తీసుకునే విరామం ఉంటుంది. ఆ విరామం లేకపోతే బ్రూక్ ప్రవేశించడానికి చోటే లేదు. ఈ సహకారానికి మూలధనం మన సుబ్బరాజు మాస్టారి గాత్రశిక్షణ అని నేను చెప్పడానికి వెనుకాడను.

దీనికి భిన్నంగా, మాండొలిన్ వేగం పుంజుకుని సంగతులు జలజల రాలే చోట్ల వెనుక సాగే ధ్వనికి పని లేకుండా పోతుంది. అది అందంగానే ఉంటుంది, కాని తెర లాగా ఉంటుంది. సంగతి వేసిన ప్రశ్నకు జవాబు ఇవ్వగల మృదంగమో, వయొలిన్‌వో అక్కడ ఉండవలసింది. ఆ చోట్ల శ్రీనివాస్ ఒంటరివాడు. శ్రోత మాండొలిన్ వేగానికి అబ్బురపడతాడు గాని సంభాషణ వినడు.

మరొక పరిమితి ఉంది. అది ఈ ఒక్క ఆల్బమ్‌ది కాదు, ఈ పద్ధతిది. స్టూడియోలో వేరు వేరు వరసల మీద రికార్డు చేసి తరువాత కూర్చే సంగీతంలో ఎవరు ఎవరికి బదులిచ్చారో శ్రోతకు తెలియదు. చివరి కూర్పు చేసేవాడి చేతికి ఒక అదనపు అధికారం వస్తుంది. కచేరీలో పక్క వాద్యంవాడు తప్పు దారి పడితే గాయకుడు కంటితో సైగ చేసి సరిదిద్దుకుంటాడు. టేపు మీద ఆ సైగ లేదు. అందువల్ల ఇలాంటి కృషిని చూసేటప్పుడు అట్ట మీద రెండు పేర్లు సమానంగా ఉన్నాయా అని మాత్రమే కాక, నిశ్శబ్దాలు ఎవరి నిర్ణయం అని కూడా అడగాలి. 'డ్రీమ్'లోని ఉత్తమ ఘట్టాల్లో ఆ నిశ్శబ్దం మాండొలిన్ వాద్యకారుడి ఊపిరి నుంచి వచ్చినదని నా చెవి చెబుతున్నది. అన్ని చోట్లా అలా చెప్పలేను. తరువాతి కాలంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' వేదికల మీద శ్రీనివాస్ వాయించినది వింటే, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అతడెంత చురుకుగా బదులివ్వగలడో తెలుస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. కర్ణాటక సంగీతం తెలిసిన పెద్దలు కొందరు, "రాగాన్ని ఈ పొగలో పెట్టడం ఎందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సంపూర్ణమైన రాగ స్వరూపం కావాలంటే రియల్ వరల్డ్ సంస్థే 1994లో విడుదల చేసిన శ్రీనివాస్ శాస్త్రీయ ఆల్బమ్ 'రామ శ్రీరామ' ఉంది, వందల కచేరీల రికార్డింగులు ఉన్నాయి. 'డ్రీమ్' వాటికి ప్రత్యామ్నాయం కాదు. రాగంలోని ఒక్క గుణాన్ని, నాదం నిలిచి మారే గుణాన్ని విడిగా తీసి, పెద్దది చేసి చూపే ప్రయత్నం అది. కావ్యంలో ఒక్క సమాసాన్ని తీసుకుని పాఠం చెప్పినట్టు.

విన్నది, వినిపించినది

నాకు ఈ విషయం కేవలం సంగీత విషయంగా తోచదు. మాధవరంలో తెలుగు ఎలా ఉన్నదో చూడండి. గ్రాండ్ నార్తరన్ ట్రంక్ రోడ్డు మా పక్కనుంచే నెల్లూరు వైపు పోతుంది. 2018లో ఇక్కడ బస్టాండు తెరిచాక ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్ళే బస్సులు ఇక్కడి నుంచే బయలుదేరుతున్నాయి. 2011లో మాధవరం చెన్నై నగరపాలికలో కలిసింది. ఊరు నగరమైంది. తెలుగు వంటింట్లో, పాల బూత్ దగ్గర, బస్టాండులో, ఫోనులో వినిపిస్తూనే ఉంది. కాని చాలా మంది పిల్లలకు అది చదివే భాష కాదు, రాసే భాష కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో పాఠశాలల్లో తమిళం తరగతి వెంట తరగతిగా నిర్బంధ పాఠ్యాంశమైనప్పటి నుంచి, తెలుగు పిల్లలకు తెలుగు చదివే అవకాశం గురించి ఇక్కడ ఎంతో చర్చ జరిగింది. చట్టం సంగతి అలా ఉంచినా, భాష ఇళ్ళలో ఒక ఆవరణగా మారుతున్నది. వినకపోయినా ఫరవాలేదు అన్న స్థితిలో ఉన్నది.

అనురణనానికి ఒక షరతు ఉంది. ముందు గంట కొట్టాలి. దెబ్బ లేని అనురణనం లేదు. ఇన్ఫినిట్ గిటార్ కూడా ఎవరో ఒకరు తీగను కదిలిస్తేనే మోగడం మొదలుపెడుతుంది. తరాల వెనుక ఎవరో కొట్టిన గంట మ్రోతగా మన ఇళ్ళలో తెలుగు సాగుతున్నది. ఆ మ్రోత తీయగా ఉందని సంతోషిస్తూ కూర్చుంటే అది సన్నబడి ఆగిపోతుంది. మళ్ళీ కొట్టడం అంటే ఆ భాషలో కొత్తగా ఒక పని చేయడం. ఇంతవరకు ఆ భాషలో ఎవరూ మాట్లాడని విషయాన్ని మాట్లాడడం.

అందుకే ఆ ఆదివారం విద్యార్థులకు ఒక పని ఇచ్చాను. 'డ్రీమ్' శీర్షిక రచనను ఇంటి దగ్గర రెండుసార్లు వినాలి. ఒకసారి ఏదో పని చేసుకుంటూ, ఒకసారి దీపం ఆర్పి కూర్చుని. తరువాత అర పేజీ తెలుగులో రాయాలి. "బాగుంది", "హాయిగా ఉంది", "మనసు" అనే మాటలు వాడకూడదు. లిపి సరిగా రానివాళ్ళు తమిళ లిపిలోనైనా తెలుగు రాయవచ్చు. పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగిన కుర్రవాడు మరుసటి నెల తెచ్చిన కాగితంలో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. ఒక వాక్యం మాత్రం నేను దిద్దలేదు: "మాండలిన్ ఆగిపోయింది అనుకున్నాను, కాని అది ఇంకొకరి ఇంట్లో వినిపిస్తా ఉంది."

అనురణనానికి ఇంతకన్న మంచి నిర్వచనం నేను రాయలేను. ఆ వాక్యం పలికిన తీరు పాఠ్యపుస్తకపు తెలుగు కాదు, మాధవరం తెలుగు. ఇది చదివే విద్యార్థులు, మీరు ఏ ఊళ్ళో ఉన్నా, మీ చుట్టూ ఉన్న మాట లేని సంగీతాన్ని ఒకటి ఎంచుకుని ఇలాంటి అర పేజీ రాయాలని నా కోరిక.